నీళ్ళు తాగని ఆడాళ్ళు

కిందటి వారం గౌరీశ్వరిని పెద్దాసుపత్రిలో గోడవార బల్ల మీద కూర్చోబెట్టి మనం మన పనుల మీద పోయాం. ఆ మనిషి మాత్రం ఇంకా అక్కడే ఉంది. రేవు మెట్ల మీద కాలు జారి పడిన రోజు ఆమె నెత్తిన ఉన్నది ఖాళీ చేపల గంప. పడింది రెండు మెట్ల మీంచి. చంటిపిల్లలు అంతకంటే ఎత్తు నుంచి పడి, ఇసక దులుపుకుని పరిగెత్తుతారు. ఈమెకి మాత్రం కుడి మణికట్టు పుటుక్కున విరిగింది. ముప్ఫై మూడేళ్ళ మనిషికి ఇదేం ఎముక అని ఎముకల డాక్టరుకే అనుమానం వచ్చింది. పిండికట్టు కట్టి, వెళ్ళే ముందు ఆడవాళ్ళ డాక్టరుకి చూపించుకోమని పక్క భవనానికి పంపాడు.

అవతల ఆమె ఉండే నూకాలమ్మపేటలో ఇంకో హడావిడి. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు రెండు నెలలు పెట్టిన వేట నిషేధం ఇవాళ్టితో సరి. రేపు తెల్లారుజామున పేటలో బోట్లన్నీ సముద్రం మీదికి వెళతాయి. గౌరీశ్వరి తమ్ముడు తాతబాబు బోటు కూడా వెళుతుంది. బోటు అటు వెళ్ళగానే, తల్లి గంగాలమ్మ కోడలు మహేశ్వరిని ఆటో ఎక్కించి టౌన్లో నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళి గర్భసంచి తీయించేస్తుంది. మొగుడు వేట నుంచి తిరిగొచ్చేసరికి పెళ్ళాం మంచం మీద ఉన్నా, పని మాత్రం అయిపోయి ఉంటుందని ఆమె ఆలోచన. మహేశ్వరికి ఇరవై అయిదేళ్ళు. ఆమె గౌరీశ్వరికి తమ్ముడి పెళ్ళామే కాదు, మొగుడు నాగబాబుకి స్వయానా చెల్లెలు. ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికీ, ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికీ ఇచ్చి చేసిన పెళ్ళిళ్ళు వాళ్ళవి.

గౌరీశ్వరి మనసు ఆసుపత్రిలో లేదు. పొద్దు వాలకముందే బోటు ముక్కుకి పసుపు రాసి బొట్లు పెట్టాలి. ఏటా ఆ పని ఇంట్లో పెద్దది కాబట్టి గంగాలమ్మే చేస్తుంది, కానీ పక్కన కూతురు లేకపోతే ఏడాదంతా సాధిస్తుంది. గోడ గడియారం వైపు చూడటం, మళ్ళీ తలుపు వైపు చూడటం, ఇదే పనిగా ఉంది గౌరీశ్వరికి.

చివరికి పిలుపొచ్చింది. లోపల డాక్టరు శ్రీసత్య, నలభై దాటిన మనిషి, కృష్ణా జిల్లా మాట. పొద్దుటి నుంచి చూసిన జనంతో గొంతు బొంగురుపోయి ఉంది.

“చెప్పమ్మా. చెయ్యి సంగతి వాళ్ళు చూశారు. ఒంట్లో ఇంకేం బాధలున్నాయి?”

బాధలంటే ఎక్కడ మొదలెట్టాలో గౌరీశ్వరికి తెలియలేదు. “ఉన్నట్టుండి ఒళ్ళు మండిపోతాదండి. సెవుల్లోంచి ఆవిర్లొచ్చెత్తాయి. సలికాలంలో కూడా ఇసనకర్రట్టుకుని కూకుంటే మా ఆయన నవ్వుతాడు. గుండి దడదడలాడిపోతాది. రాత్రేల నిద్దర్రాదు. మా పేట డాక్టరు గేసని బిళ్ళలిచ్చినాడండి.”

“నెలసరి సరిగ్గా అవుతోందా?”

“నాకా పీడ లేదండి. తీయించీసుకున్నాను.” కొత్త ముక్కుపుడక చూపించినంత సంబరంగా చెప్పింది.

“ఎప్పుడు?”

“ఇరవయ్యారో ఏట.”

డాక్టరు కలం కింద పెట్టింది. “ఎందుకు?”

ఏడేళ్ళయింది. కత్తి పెట్టినవాడు అడగలేదు, మత్తిచ్చినవాడు అడగలేదు. మొగుడు అడగలేదు. గౌరీశ్వరి కూడా తనను తాను అడగలేదు.  “తెల్లబట్టయ్యేదండి. నడుం లాగీసీది. ఒంటేలుకి కూకుంటే మంట, పేణం పోయీది. అలగొదిలెత్తే కేన్సరైపోద్దన్నారు. మా పేటలో సానామంది తీయించుకున్నారండి.”

“ముందు మందులు వాడారా? యూరిన్ పరీక్ష ఏమైనా చేశారా?”

“లేదండి. సంచీ పాడైపోనాదన్నారు, తీసీసినారు.”

డాక్టరు ఆమెని స్కానింగు గదిలోకి తీసుకెళ్ళింది. చల్లటి జిగురు పొట్ట మీద రాసి అటూ ఇటూ తిప్పింది. ఒకసారి తిప్పిన చోటే మళ్ళీ తిప్పుతోంది, పారేసుకున్న వస్తువుని వెతికినట్టు. గౌరీశ్వరికి భయం పుట్టింది.

“సంచి ఒక్కటే తీస్తామని చెప్పారా నీకు?”

“ఔనండి. ఏటైనాది?”

“సంచికి రెండు పక్కలా అండాశయాలని ఉంటాయమ్మా. ఆడమనిషి ఎముకకీ, గుండెకీ, నిద్రకీ బలమిచ్చేది అవి. నీకు ఆ రెండూ లేవు. అవి కూడా తీసేశారు. నెలసరి ఆగిపోయే వయసు మామూలుగా యాభై దగ్గర. నిన్ను ఇరవై ఆరేళ్ళకే అక్కడికి తోసేశారు. ఆ ఆవిర్లు, ఆ దడ, ఈ విరిగిన చెయ్యి, అన్నీ అక్కణ్ణించి వచ్చినవే.”

గౌరీశ్వరికి వెంటనే ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంట్లో గిన్నె పట్టుకెళ్ళాలన్నా పక్కింటివాళ్ళు ఒక మాట అడిగి పట్టుకెళతారు. తన ఒంట్లోంచి రెండు వస్తువులు పట్టుకుపోతే ఏడేళ్ళ దాకా తనకు కబురే లేదు.

“పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం దాకా నీళ్ళు ఎన్ని తాగుతావు?” అని అడిగింది డాక్టరు.

అంత బాధలోనూ గౌరీశ్వరికి నవ్వొచ్చింది. “తాగమండి. సీకటితో రేవుకెల్లిపోతాం. సేపల ఏలంపాట అయ్యి, గంపెత్తుకుని ఈదులన్నీ తిరిగి ఇంటికొచ్చీదాకా నీళ్ళు ముట్టుకోం. తాగితే మరి ఎక్కడికెల్తాం? రేవులో అందరూ మొగోళ్ళే. గంపెత్తే ఆడది నీళ్ళు తాగకూడదని మాయమ్మ సిన్నప్పుడే సెప్పింది. మరీ నోరెండిపోతే కిల్లీ నవుల్తాం.”

“పేటలో ఆడవాళ్ళందరూనా?”

“అందరూనండి.”

శ్రీసత్య కుర్చీలో వెనక్కి వాలింది. “నీ మంట సంచిలోది కాకపోయి ఉండొచ్చమ్మా. నీళ్ళు తాగక, ఆపుకుని ఆపుకుని వచ్చిన మూత్రం జబ్బు అయి ఉండొచ్చు. దానికి పరీక్ష ఉంది, మందుంది. తెల్లబట్టకీ మందుంది. నీ విషయంలో ఇప్పుడు ఖాయంగా చెప్పలేను, చూడాల్సినవాళ్ళు అప్పుడు చూడలేదు.” ఆమె తలుపు అవతల వార్డు వైపు చూపించింది. “ఇక్కడ కాన్పులకి మంచాలున్నాయి. పిల్లలు చాలనుకునేవాళ్ళ ఆపరేషన్లకి మంచాలున్నాయి. ఊరూరా తిరిగే నర్సమ్మలు కూడా ఆ రెండే అడుగుతారు, వాళ్ళని అవే అడగమని పంపుతారు కాబట్టి. కడుపూ కాన్పూ కాకుండా ఆడదానికి ఇంకో జబ్బు వస్తే ఎవరు చూడాలో ఎక్కడా రాసి లేదు. అందుకే మీరు సంచి తీసేసేవాడి దగ్గరికి పోతున్నారు.”

“మా మరదలికి రేపే ఆపరేసనండి,” అంది గౌరీశ్వరి.  “దానికీ ఇవే బాధలు. ఇరవై అయిదేళ్ళు.”

“ఆపు. ముందు ఇక్కడికి తీసుకురా. పరీక్షలన్నీ చూశాక నిజంగా తీయాల్సి వస్తే నేనే తీస్తాను.” లేవబోతూ మళ్ళీ ఆగి అడిగింది. “మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి కేన్సర్ వచ్చిందా?”

“మాయమ్మమ్మ. గురువమ్మని. నాను పుట్టకముందే పోనాదండి.”

“అయితే ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో. నెలసరి పూర్తిగా ఆగిపోయాక, ఏళ్ళ తర్వాత మళ్ళీ రక్తం కనపడితే, ఒక్క చుక్కయినా సరే, ఆ మనిషిని ఆ రోజే తీసుకురావాలి. అది సిగ్గుపడి దాచుకునే జబ్బు కాదు. ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు.”

గౌరీశ్వరి తలూపింది. ఆ మాట ఆమె ఒక చెవిన మాత్రమే వింది. మనసంతా మహేశ్వరి మీద ఉంది.

బయటికి రాగానే వరండాలో కుళాయి కనపడింది. మొండిగా, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు, ఎడమ పుడిసిలితో కడుపు నిండా నీళ్ళు తాగింది. తాగాక బస్సెక్కింది. జగదాంబ సెంటరు దాటిందో లేదో ఒళ్ళు ఒకసారి భగ్గుమంది. నుదుటిన చెమట, మెడ మీద చెమట, గుండె దడ. ఇన్నాళ్ళూ ఆ దడని తన ఖర్మ అనుకుంది. ఇవాళ దానికి ఒక కారణం ఉందని తెలిశాక ఇంకా భరించలేకపోయింది. కిటికీ పక్కకి జరిగింది, లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. పక్కనున్న ముసలమ్మ “ఏటమ్మా, సీటులో ముళ్ళున్నాయేటి?” అని అడిగింది కూడా.

తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? పాత పోస్టాఫీసు దగ్గర ట్రాఫిక్ ఆగేసరికి కడుపు బిగపట్టుకోవాల్సి వచ్చింది. రోడ్డు పక్క గోడకి తిరిగి ఒక మగవాడు దర్జాగా నిలబడి ఉన్నాడు. అవతల ఇంకొకడు. ఈ ఊరికి గోడలు కట్టిందే వాళ్ళ కోసమన్నట్టు ఉంది. పోర్టులో ఓడ వెంట ఓడ వచ్చి ఆగుతుంది, స్టీలుప్లాంటులో కొలిమి ఆరదు, ఇంత పెద్ద పట్నం. ఆడమనిషి గ్లాసుడు నీళ్ళు తాగి ఇంటిదాకా వెళ్ళే దారి మాత్రం ఇంకా వేయలేదు. పేట రేవులోనూ అంతే. పాట పాడటానికి షెడ్డు వేశారు, ఐసుకి గది కట్టారు, డీజిలు పీపాలకి తాళం వేసే కొట్టు కూడా ఉంది. మగాళ్ళకి ఇక సముద్రమంతా ఉంది. ఆడవాళ్ళకి ఏం కావాలో అడగాలని ఎవరికీ తోచలేదు, చెప్పాలని వీళ్ళకీ తోచలేదు. నీళ్ళు మానేస్తే సరిపోతుందని వీళ్ళే సర్దుకున్నారు. ఆ సర్దుబాటు తల్లి కూతురికి, అత్త కోడలికి నేర్పింది.

గౌరీశ్వరి బస్సు దిగి దాదాపు పరిగెత్తుతూ ఇంటికి చేరింది. ముందు దొడ్లోకి పోయొచ్చి, ఆ తర్వాతే తల్లి వాకిట్లో అడుగుపెట్టింది.

వాకిట్లో మహేశ్వరి సంచి సర్దుకుంటోంది. రెండు పాత చీరలు, తువ్వాలు, గ్లాసు, పళ్ళెం. పెళ్ళికెళ్ళే పిల్లలాగా తలంటుకుని జడ వేసుకుంది. గంగాలమ్మ ఇత్తడి పళ్ళెంలో పసుపు కలుపుతోంది. ఏభై ఆరేళ్ళ మనిషి, అంత పొద్దున వీధి కుళాయి నుంచి నాలుగు బిందెలు మోసింది, ఇంకా అలసట లేదు. పేటలో ఏ ఆడదానికి ఏ బాధొచ్చినా ముందు వచ్చేది గంగాలమ్మ దగ్గరికే. ఇప్పటిదాకా ఎంతమందిని ఆ నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళిందో ఆమెకే గుర్తులేదు. దగ్గరుండి, తలుపు బయట కూర్చుని, మెలకువ వచ్చేదాకా చెయ్యి పట్టుకుని, ఇంటికొచ్చాక గంజి కాచి పోసే మనిషి. మంచిది కాదని ఎవరూ అనలేరు.

“ఒచ్చినావా? కట్టు బాగానే ఏసినారేటి? బేగి మొకం కడుక్కో, మీ నాన్న అప్పుడే రెండుసార్లు కేకేసినాడు,” అంది గంగాలమ్మ.

“అమ్మా, రేపు మహేసుని తీసుకెల్లకు.”

పసుపు కలుపుతున్న చెయ్యి ఆగింది. “ఏటి?”

“ఆపరేసనొద్దంటన్నాను. ముందు పెద్దాసుపత్రిలో సూపిద్దాం. అక్కడ ఆడ డాక్టరున్నాది. మందులతో తగ్గొచ్చంట.”

“నీకు సెయ్యిరిగిందా, బుర్ర తిరిగిందా?” గంగాలమ్మ నవ్వబోయింది. కూతురి మొహం చూసి నవ్వు మానేసింది. “ఏటి సెప్పినారే నీకు అక్కడ?”

గౌరీశ్వరి చెప్పింది. నిలబడలేక, కూర్చోలేక, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ చెప్పింది. రెండు పక్కలా ఉండాల్సినవి లేవని, వాటిని అడక్కుండా తీసేశారని, ఒంట్లో ఆవిర్లూ గుండె దడా విరిగిన ఎముకా అన్నీ దానివల్లేనని.  “సంచొకటే అన్నారు కదే అమ్మా. నువ్వు తలుపుకాడే ఉన్నావు కదా. నీకు సెప్పినారా?”

“నాకేటి సెప్తారు? బాగా అయ్యిందన్నారు. నువ్వు కళ్ళిప్పినావు. నాకు ఇంకేటి కావాల?” గంగాలమ్మ గొంతు తగ్గింది. కానీ ఎంతోసేపు కాదు, మళ్ళీ లేచింది. “అయితే మాత్రం? బతికున్నావా లేదా? నీ మంట పోయిందా లేదా?”

“పోనాది. దాంతో పాటు సగం నానూ పోనాను.”

మహేశ్వరి సంచి పక్కన పెట్టి లేచింది. “ఒదినా, నువ్వే కదా సెప్పినావు, తీయించుకున్నాక హాయిగున్నాదని? ఆ మూడ్రోజులూ బోటు ముట్టకూడదు, వల దాటకూడదు, గంపెత్తకూడదని మూలన కూకునే కర్మ లేదన్నావు. ఇప్పుడు నా వొంతొచ్చీసరికి ఒద్దంటావేటి? మంట నువ్వు పడతన్నావా, నాను పడతన్నానా? వేట ఆగకముందు పాట కాడ నిలబడలేక గోడట్టుకుని ఏడిసినాను. ఎవులికి సెప్పుకోను?”

“నాకు సెప్పు. రేపు నాతో రా. పొద్దున లేసి కడుపు నిండా నీళ్ళు తాగి రా.”

“నీళ్ళా!” మహేశ్వరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “నీళ్ళు తాగి నన్నెక్కడికెల్లమంటావు? షెడ్డెనకాల లారీలోళ్ళుంటారు. సముద్దరం కాడ మొగోళ్ళు వల లాగుతుంటారు. నీ డాక్టరమ్మ ఒక్కపాలి రేవులో గంపట్టుకుని నిలబడితే తెలుస్తాది.”

మహేశ్వరి అన్నది ఉన్నమాటే. నీళ్ళు తాగమని ఆ గదిలో చెప్పడం తేలిక, ఈ రేవులో తాగడం కష్టం. కానీ ఇక్కడ ఊరుకుంటే రేపు పొద్దునకి ఆటో వచ్చి నిలబడుతుంది.

“మహేసూ, ఇటు సూడు,” అంది ఆఖరికి. “ఈ రెండు నెలలూ నీ మొగుడు ఏటి సేసినాడు? ఇంజను పొగొత్తంటే ముక్కముక్కలు ఇప్పినాడు. ఎక్కడ పట్టీసిందో ఎతికినాడు. నూనె మార్సినాడు, కడిగినాడు, మళ్ళీ బిగించినాడు. పొగొచ్చిందని ఇంజను పీకి సముద్దరంలో పడీయలేదు కదా? ఇంజనుకున్న పాటి ఇలవ మన ఒంటికి లేదేటే? ఒక్కసారి ఇప్పి సూడమంటన్నాను, అంతే. రేవు సంగతంటావా, దాని కోసం నాను దెబ్బలాడతాను. పేట పెద్దల కాడికెల్తాను, ఆపీసరు కాడికెల్తాను. ఆడోళ్ళకి నాలుగు గోడలు కట్టమని అడుగుతాను. కట్టీదాకా ఊరుకోను.”

“నీ మాటెవులింటారే?” అంది గంగాలమ్మ.

“నువ్వింటే అందరూ ఇంటారు.”

గంగాలమ్మ పళ్ళెం పక్కన పెట్టి నిలబడింది. కళ్ళు ఎర్రబడ్డాయి. “నీకేటి తెలుసని మాటాడతన్నావు? మాయమ్మ గురువమ్మ ఎలగ సచ్చిపోనాదో తెలుసా నీకు? ఒక్కరికి సెప్పలేదు. బట్టలు దాసుకుంది. సీకట్లో ఉతుక్కుంది. తెలిసీసరికి లోపలంతా కుళ్ళిపోనాది. ఇంట్లో ఉంచలేక మంచం వలల పాకలో ఏసినారు. నానే కడిగీదాన్ని. నాకప్పుడు పెళ్ళి కూడా అవ్వలేదు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదే. మందంటావు, డాక్టరంటావు. అప్పుడు ఏ డాక్టరొచ్చినాడు మా పాకలోకి? నా కడుపున పుట్టిన పిల్లగాని, నా ఇంటికొచ్చిన పిల్లగాని అలగ పోకూడదని అమ్మోరి కాడ మొక్కుకున్నాను. సంచే లేపోతే జబ్బెక్కడిదని ఆ నర్సింగోములోళ్ళు సెప్పినారు. నమ్మినాను. తప్పేటి?”

 తన కడుపు ఖాళీ చేయించిన చేతిని ఏ భయం నడిపించిందో గౌరీశ్వరికి ఇన్నాళ్ళకి తెలిసింది. తల్లి మీద కోపం పోలేదు, కానీ దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. ఆ రెంటితో ఏం చేయాలో ఆమెకి తెలియలేదు.

“మరి నువ్వెందుకు తీయించుకోలేదమ్మా?” అని మెల్లగా అడిగింది.

“నాకెందుకే? నాకు దానంతటదే ఆగిపోనాది. ఎనిమిదేళ్ళయ్యింది. అమ్మోరు సల్లగా సూసింది.” గంగాలమ్మ మొహం తిప్పుకుని పళ్ళెం అందుకుంది. “ఆటోవోడు పొద్దున్నే ఒత్తాడు. మహేసు ఎల్తాది. ఇంకా మాటల్లేవు. పదండి, పొద్దోలిపోతన్నాది.”

రేవులో డప్పు మొదలైంది. ఇసక మీద బోట్లు వరసగా నిలబడ్డాయి, రంగులు వేసి, మామిడాకులు కట్టి. తాతబాబు బోటు కొత్త నీలం రంగులో మెరుస్తోంది. దాని పక్కన గౌరీశ్వరి తండ్రి సూరన్న తలపాగా చుట్టుకుని, వలలు మడతపెట్టించి, ఆడవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. నాగబాబు తన పెళ్ళాం చేతి కట్టు చూసి “ఏటన్నారు?” అని కళ్ళతోనే అడిగాడు. గౌరీశ్వరి తర్వాత చెబుతానని తలూపింది.

తడి ఇసక మొదలయ్యే చోట గంగాలమ్మ ఆగిపోయింది. బోటు ఇంకా పది బారల దూరంలో ఉంది.

“రాయే గంగాలూ, ఆలీసమైపోతాది,” అన్నాడు సూరన్న.

“మోకాలట్టీసింది. ఈ ఏడు గౌరి పెడతాదిలే.”

“కుడిసేతికి కట్టుతో నానెలగ పెడతానమ్మా? ఏటా నువ్వే కదా,” అంది గౌరీశ్వరి ఆశ్చర్యంగా. మోకాలు పట్టేసిన మనిషి పొద్దున నాలుగు బిందెలు ఎలా మోసిందో ఆమెకి అర్థం కాలేదు. “రా, నాను పట్టుకుంటాను.” ఎడమ చెయ్యి చాపి ముందుకి వచ్చింది.

గంగాలమ్మ వెనక్కి జరిగింది. కూతురి చెయ్యి తన చీరకి తగలకుండా జరిగింది. తర్వాత వంగి, పసుపు పళ్ళెం కూతురి చేతికి ఇవ్వకుండా ఇసక మీద పెట్టింది. పెట్టి, రెండడుగులు పక్కకి పోయి నిలబడింది.

పేటలో పుట్టిన ఏ ఆడపిల్లకీ ఆ పని అర్థం చెప్పక్కర్లేదు. చేతికి చెయ్యి తగలకుండా వస్తువు నేల మీద పెట్టడం, బోటుకి ఎడంగా నిలబడటం, ఇవి ఆ మూడు రోజులే చేస్తారు. మహేశ్వరి చేసింది, పెళ్ళయిన కొత్తలో గౌరీశ్వరి చేసింది. ఏభై ఆరేళ్ళ మనిషి చేయదు. ఎనిమిదేళ్ళ కింద ఆగిపోయిన మనిషి అసలు చేయదు.

ఒక చెవినే విన్న డాక్టరు మాట ఇప్పుడు రెండు చెవుల్లోనూ మోగింది. ఏళ్ళ తర్వాత మళ్ళీ కనపడితే, ఒక్క చుక్కయినా సరే, ఆ రోజే. గౌరీశ్వరి తలెత్తి మహేశ్వరిని చూసింది. మహేశ్వరి అప్పటికే అత్త వైపు చూస్తూ ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గౌరీశ్వరి పళ్ళెం తియ్యలేదు. తల్లి దగ్గరికి వెళ్ళి, డప్పు మోతలో ఇంకెవరికీ వినపడకుండా అడిగింది.

“ఎన్నాళ్ళనుండే అమ్మా?”

గంగాలమ్మ సముద్రం వైపు చూస్తూ నిలబడింది.  వలల పాకలో తల్లిని కడిగిన ఆ చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.

“ముందు బోటుకి పసుపెట్టు,” అంది. “మొగోళ్ళు సూత్తన్నారు.”